ప్లాస్టిక్, కొబ్బరిపీచు పలకలు కొనే రొయ్యల రైతులూ, ఒక్క నిమిషం ఆగండి

చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్లెం) చూసుకోవడానికి గట్టు మీంచి గుంటలోకి వేసుకునే బల్లల కోసం వేస్ట్ ప్లాస్టిక్, కొబ్బరిపీచు కలిపి చేసిన పలకలు నెల్లూరులో అమ్ముతున్నారు కదా. షాపు ఏదో అల్లూరు, ఇందుకూరుపేట వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కొనకండి.

సర్వి కర్రలు ఊరికే పుచ్చిపోతున్నాయని వీటికి మారాను. చెద పట్టదు, నీళ్లు పీల్చదు, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు షాపువాడు. బకెట్లో నానుతున్న ముక్క తీసి తుడిచి చేతిలో పెట్టాడు. గట్టిగా ఉంది. బేరం కూడా ఆడలేదు నేను, దానకర్ణుణ్ణి మరి.

వానలు పడ్డాక పలకలు ఉబ్బి మధ్యలో వంగాయి. మేత చల్లే కుర్రాడు కాలు పెట్టగానే ఒకటి ఫట్‌మని విరిగింది. మోకాలు చీరుకుపోయింది పాపం.

ఆ ముక్క పట్టుకుని షాపుకెళ్లాను. చూసి, పక్కన బేరమాడుతున్న ఆయన వైపు తిరిగి, "నీళ్లలో వేసినాడంట!" అని నవ్వాడు. "పీచు కదన్నా, నీళ్లు తాగకుండా ఎట్టుంటాది?" అంట నాతో. రొయ్యల్ని మేడ మీద పెంచుతాం అనుకున్నాడేమో! బకెట్ అక్కడే ఉంది. అందులో ముక్క నానుతూనే ఉంది. మరి అదేంది అని అడిగితే, తల కూడా ఎత్తకుండా, "అది శాంపిల్" అన్నాడు. డబ్బుల కంటే ఆ మాటకే ఒళ్లు మండిపోయింది.

మా మేనల్లుడు చెన్నైలో ప్లాస్టిక్ ఇంజినీరింగ్ నేర్పే సిపెట్‌లో చదివాడు. వాడు చెప్పింది ఇదీ. శాంపిల్‌ని అచ్చులో పోస్తారు, చుట్టూ ప్లాస్టిక్ పొర మూసుకుని ఉంటుంది. మనకిచ్చేవి కొలతకు రంపంతో కోసినవి. కోసిన చోట పీచు కొసలు తేలి వత్తిలా నీళ్లు లాగుతాయి. పైగా పీచు, ప్లాస్టిక్ వాటంతటవి అతుక్కోవు. పీచును బాగా ఆరబెట్టి, మలేయిక్ ఆన్‌హైడ్రైడ్‌తో చేసిన కప్లింగ్ ఏజెంట్ లాంటిది, అంటే రెంటినీ అతికించే మందు, కలపాలి. నా పలక విరిగిన చోట పోగులు నున్నగా ఊడొచ్చాయి, వాటి గుంతలు అలాగే ఉన్నాయి. మధ్యలో వాటర్ బాటిల్ తునకలు కరగకుండా మెరుస్తున్నాయి! ఆ బాటిల్ ప్లాస్టిక్ కరగాలంటే సుమారు 250 డిగ్రీలు కావాలి, పీచేమో 200 దాటితే మాడడం మొదలవుతుంది. ఏది దొరికితే అది మిషన్లో కుక్కేశారన్నమాట. సరిగ్గా చేస్తే ఇదే సరుకు పార్కు బెంచీలకు బాగానే పనికొస్తుందంట, అది వేరే సంగతి.

కొనక తప్పదనుకుంటే శాంపిల్ని నమ్మకండి. మీకిచ్చే లోడులోంచి ఒక ముక్క కోయించి తూకం వేసి, రాత్రంతా నానబెట్టి మళ్లీ తూయండి. బిల్లు మీద "గుంటలో వాడకానికి" అని రాయించుకోండి, నా బిల్లులో "బోర్డులు" అని మాత్రమే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను. ఇప్పటికే వేసుకున్నవాళ్లు మాత్రం పనివాళ్లని వాటి మీదకి పంపకండి.