నొప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిన నోట్‌బుక్: రెండేళ్లు రాశాక నా సమీక్ష

మా పాప టెన్త్‌లో సగం వాడి వదిలేసిన 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఇది. వెనక్కి తిప్పి, చివరి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. రెండేళ్లు దాటింది. అట్ట ఊడిపోయింది, నాలుగో పేజీ మీద పసుపు మరక పడింది. నా నడుం నొప్పి విషయంలో దీనంత పనికొచ్చిన వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్. నడుం దగ్గర మొదలై ఎడమ పిక్క దాకా లాగే నొప్పితో 11 నెలలు గడిపాను. మొదట చూపించుకున్న ఆస్పత్రికి వట్టి చేతులతో వెళ్లాను. ఎప్పటినుంచి అంటే చాన్నాళ్ల నుంచి అన్నాను. ఎలా ఉంటుంది అంటే బాగా నొప్పి అన్నాను. ఏం మందులు వాడుతున్నారంటే తెల్ల మాత్ర అన్నాను. ఎంఆర్‌ఐ ఇంట్లో ఉండిపోయిందంటే మళ్లీ తీయించమని చీటీ రాశారు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. ఇంటికెళ్లి తెచ్చుకోండి అని ఒక్క మాట అనలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత ఎముకల డాక్టర్ ఒకరు పెయిన్ స్పెషలిస్టుకు చూపించుకోమన్నారు. ఆమె అసలు చదువు మత్తు వైద్యం అని తెలిసి మా మరిది "మత్తు డాక్టర్ దగ్గరికెందుకు వదినా, ఆపరేషన్ చేస్తారా?" అని కంగారుపడ్డాడు. అందులో వింతేమీ లేదు. ఏ నరం ఎక్కడ నడుస్తుందో, దాన్ని సూదితో ఎలా మొద్దుబార్చాలో మత్తు వైద్యులకు తెలుసు. నొప్పి వైద్యం అనే విభాగానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన జాన్ బోనికా కూడా మత్తు వైద్యుడే. ఆయన కుస్తీలు పట్టేవాడట, ఆ దెబ్బల నొప్పులు జీవితాంతం పడ్డాడట. నొప్పి పడినవాడే నొప్పికి వైద్యం వెతికాడని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

అపాయింట్‌మెంట్ 20 రోజుల తర్వాతకి దొరికింది. మొదటి వారం రాసిందంతా వృథా. సున్నా నుంచి పది వరకు నొప్పికి మార్కులు వేయాలని విని 7, 8, 7, 7 అని వేసుకుంటూ పోయాను. ఆ వరస చూస్తే నాకే ఏమీ అర్థం కాలేదు. రెండో వారం నుంచి మార్కు పక్కన ఆ రోజు ఆగిపోయిన పని రాశాను. "కింది అరలోంచి ఇడ్లీ పాత్ర తీయలేకపోయాను, పాప తీసింది." "రాత్రి ఎడమవైపు తిరిగితే మెలకువ వచ్చింది, మూడుసార్లు." "మెట్రోలో సీటు దొరికినా అమీర్‌పేట దాకా కూర్చోలేక లేచి నిలబడ్డాను." ఈ చివరి వాక్యం మీద డాక్టర్ గారి వేలు ఆగింది. "కూర్చుంటే ఎక్కువవుతోందా అమ్మా? నడిస్తే కాస్త నయమా?" అని అక్కడి నుంచి అడగడం మొదలుపెట్టారు. నేను అంతవరకు పెద్దగా పట్టించుకోని సంగతి అది.

ఇక మాటలు. నొప్పిని చెప్పడానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో రాస్తుంటే తెలిసింది. సలపడం వేరు, పోటు వేరు, గుంజడం వేరు. నడుం దగ్గర నాకు పట్టేసినట్టు ఉండేది. తొడ వెనక నుంచి కిందికి కరెంట్ కొట్టినట్టు జివ్వుమనేది. పాదం అంచున మంట, తిమ్మిరి. ఫోన్‌లో ఒక ఇంగ్లీషు యాప్ కూడా పెట్టుకున్నాను కానీ "జివ్వుమనడం" అందులో ఎక్కడ పెట్టాలో తెలియక మూడో రోజు తీసేశాను. మంట, తిమ్మిరి, కరెంట్ కొట్టినట్టు ఉండటం నరం వైపు చూపిస్తాయని, అలాంటి నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవని డాక్టర్ గారు చెప్పారు. వెళ్లే ముందు మీ నొప్పికి మీ ఇంటి మాటే రాసుకోండి, ఇంగ్లీషు వెతుక్కోవద్దు.

మందుల పేజీ నన్ను పెద్ద ప్రమాదం నుంచి తప్పించింది. ఖాళీ అయిన స్ట్రిప్పులు కూడా పారేయకుండా కవర్లో వేసి తీసుకెళ్లాను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్న మాత్రలో ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో పాటు పారాసెటమాల్ కూడా ఉంది. తలనొప్పికి మళ్లీ విడిగా పారాసెటమాల్ వేసుకుంటున్నాను. పెద్దవాళ్లు అది రోజుకు 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్‌కు దెబ్బ. పైగా నాకు బీపీ ఉంది. ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీని పెంచగలవు, కిడ్నీలకూ కడుపుకూ మంచివి కావు. వాటిని ఆ రోజే ఆపించారు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాయాలి. ఇంజెక్షన్ మాట వస్తే మొదట అడిగేది అదే, ఆ ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ ఉంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. పసరు మందులు, లేహ్యాలు కూడా దాచకండి.

ఎంఆర్‌ఐకి రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఫిల్మ్ కూడా కావాలి. వదులుగా ఉండే చుడీదార్ వేసుకెళ్లండి. మునివేళ్ల మీద, మడమల మీద నడిపించారు, పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తారు, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టారు. చీరతో ఇబ్బంది పడ్డాను.

ఒక్క హెచ్చరిక. మూత్రం ఆగిపోయినా, మూత్రమో విరేచనమో ఆపుకోలేకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా నోట్‌బుక్ రాస్తూ కూర్చోవద్దు. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మొదటి రోజే ఇంజెక్షన్ చేసి నొప్పి తీసేస్తారనుకున్నాను. రాత్రిపూట వేసుకునే నరాల మాత్ర చిన్న డోసులో ఇచ్చి, ఫిజియోథెరపీ రాశారు. "మూడు నెలల్లో ఏ పని మళ్లీ చేయగలగాలి?" అని అడిగారు. రైతుబజార్ నుంచి సంచి మోసుకుని రావాలని చెప్పాను. ఆ మాటే ఫైల్లో రాసుకున్నారు.

నోట్‌బుక్‌లో లోపం కూడా ఉంది. గంటగంటకూ రాస్తే మనసంతా నొప్పి మీదే ఉంటుంది. నాలుగో నెలలో నాకు అదే జరిగింది, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. డాక్టర్ గారు రాత్రి ఒక్కసారే, రెండు వాక్యాలే రాయమన్నారు. అప్పటినుంచి అంతే. నొప్పి పూర్తిగా పోలేదు, 3 దగ్గర ఉంటోంది. సంచి మాత్రం మోస్తున్నాను, రెండు భుజాలకూ చెరి సగం.

పోయిన నెల మా ఆడపడుచు మెడనొప్పితో అపాయింట్‌మెంట్ తీసుకుంది. కొత్త నోట్‌బుక్ కొనిచ్చి, మొదటి పేజీలో ఆమె షుగర్ మాత్ర పేరు, డోసు పక్కన కూర్చుని రాయించాను.