నేలపట్టుకి పూర్తి మార్కులు, పులికాట్ రోడ్డు మీద చప్పట్లకి సున్నా

పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు) రోడ్డుకి బాగా దగ్గర్లో మేస్తున్నాయి. సూళ్లూరుపేటలో 1,500కి మాట్లాడుకున్న కారు డ్రైవరు బండి ఆపి, దిగి, గట్టిగా చప్పట్లు కొట్టాడు. గుంపంతా లేచిపోయింది. "ఎగిరితేనే కదా సార్ ఫొటో" అని పైగా సమాధానం.

అది ఫొటో కాదు, వాటి నోటికాడ కూడు లాగెయ్యడం. రాజహంస ముక్కుని తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లాగి తోస్తూ, ముక్కు అంచుల్లోని జల్లెడకి చిక్కిన చిన్న చిన్న జీవుల్ని తింటుంది. అలా కడుపు నిండాలంటే గంటలు పడుతుంది. పైగా కాస్త దూరం పరిగెత్తితే గానీ గాల్లోకి లేవలేదు. అందుకే బండి ఎక్కకముందే చెప్పెయ్యండి: హారన్ వద్దు, ఆగాక ఇంజన్ ఆపాలి, ఎవరూ దిగకూడదు. బండిని అవి పెద్దగా పట్టించుకోవు, దిగిన మనిషిని చూస్తేనే దూరం జరుగుతాయి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సుమారు 18 కి.మీ. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. అటకానితిప్ప దాకా నెమ్మదిగా వెళ్లి వెనక్కి తిరిగితే చాలు. పాస్ లేకుండా చెక్‌పోస్టు దాటనివ్వరు. వానలు పడ్డ వెంటనే వెళ్తే నిరాశే. సరస్సు నిండుగా ఉంటే రాజహంసలు లోతు తక్కువున్న చోటు వెతుక్కుంటూ దూరంగా పోతాయి. జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు తగ్గేకొద్దీ రోడ్డు వైపు వస్తాయి. ఇంకా ఆలస్యమైతే ఎండిన బురదే మిగులుతుంది. బూడిదరంగు పక్షుల్ని చూసి వేరే జాతనుకోకండి, అవి పిల్లలు. ఆ గులాబీరంగు తిండితో వచ్చేది.

నేలపట్టు పక్షుల అభయారణ్యం వేరే లోకం. సూళ్లూరుపేట నుంచి నెల్లూరు వైపు సుమారు 20 కి.మీ., హైవే నుంచి కాస్త లోపలికి. చెరువులో మొలిచిన కడప అనే చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) కాలనీ ఉంటుంది. ఒక్కో చెట్టుకి గుత్తులుగా గూళ్లు, పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు. చెరువు నిండితేనే గూళ్లు పడతాయి, చెట్టు చుట్టూ ఉన్న నీళ్లే వాటికి కంచె. ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేసిన ఏడాది వెళ్లడం దండగ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిల్లలుంటాయి. పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటుంటే, తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది! పెద్ద పక్షులు దాదాపు మౌనమే, గోలంతా పిల్లలదే. కంపు మాత్రం గట్టిగానే ఉంటుంది. మాతో వచ్చిన పిల్లలు పది నిమిషాలు ముక్కు మూసుకున్నారు, ఆ తర్వాత వాచ్‌టవర్ దిగమన్నా దిగలేదు.

పొద్దున్నే టవర్ ఎక్కండి. ఎండ ముదిరాక గూడబాతులు వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి, చేపల కోసం పులికాట్ వైపు సాగిపోతాయి. రెక్క ఆడించకుండా అంత బరువైన పక్షి తేలిపోవడం చూడాలంటే తొమ్మిదిన్నర దాకా ఆగాలి. సెల్‌ఫోన్‌తో లాభం లేదు. 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, 42 మి.మీ. అద్దాలున్న) బైనాక్యులర్ తెచ్చుకోండి. 10× అయితే చెయ్యి వణుకు ఎక్కువగా తెలుస్తుంది.

బసకి సూళ్లూరుపేట లాడ్జీలు పర్లేదు, కానీ రాకెట్ ప్రయోగం తేదీ చూసుకోండి. 900 గదికి ఆ ముందురోజు మా దగ్గర 2,200 తీసుకున్నారు, అదీ వేణ్నీళ్లు లేకుండా. ఆ కోపం మధ్యాహ్నం 160 రూపాయల భోజనంలో వేసిన మడవ చేపల పులుసుతో కొంత చల్లారింది. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు, రెండోసారి అడిగినా విసుక్కోలేదు.

గూటి నుంచి కింద పడిన పిల్ల కనిపిస్తే ముట్టుకోకండి, సెల్ఫీలూ వద్దు. తల్లి కిందకి దిగి దానికి మేత పెట్టదు. వెంటనే అక్కడి కాపలా ఉద్యోగికి (వాచర్‌కి) చెప్పండి.