మోటార్‌హోమ్ వెనక పాత సీఆర్‌వీ: బ్యాటరీ మీద తప్ప నాకు దేని మీదా కోపం లేదు

ముందే చెప్పేస్తున్నా, మైలేజీ ఎంత, సీట్లు ఎలా ఉంటాయి, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి లాంటివి ఇందులో ఉండవు. హోండా సీఆర్‌వీ కారు తెలియని తెలుగువాళ్లు డాలస్ చుట్టుపక్కల ఉంటారని నేననుకోను. నేను రాసేది దాన్ని మోటార్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) వెనక నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి లాక్కెళ్లడం గురించి.

మాది ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సి బండి, అంటే వ్యాన్ ముందుభాగం వెనక ఇల్లు కట్టిన రకం. క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకసారి నిలిపి కరెంటూ నీళ్లూ తగిలించాక, పెరుగు అయిపోయిందని మళ్లీ అవన్నీ పీకి ఆ బండినే బయటికి తీయడం నా వల్ల కాలేదు. వెనక ఓ చిన్న కారు ఉండాల్సిందే. టో డాలీ (కారు ముందు చక్రాలు ఎక్కించి లాగే చిన్న ట్రైలర్) చవకే కానీ, కారు దించాక ఆ డాలీని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి.

కారు వెతికేటప్పుడు తెలిసిందేంటంటే, అమ్మేవాళ్లలో చాలామందికి ఈ విషయం మీద అవగాహన లేదు. "న్యూట్రల్‌లో పెట్టి లాగేయండి సార్" అంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది, ఇంజిన్ ఆపి చక్రాలు మాత్రం గంటల తరబడి తిరిగితే చాలా కార్లలో లోపల ఆయిల్ అందక గేర్‌బాక్స్ పోతుంది. సీఆర్‌వీలో 2014 దాకా వచ్చిన ఆటోమేటిక్‌ను లాగొచ్చని హోండా మాన్యువల్‌లోనే ఉంది, 2015లో సీవీటీ (బెల్టుతో నడిచే ఇంకో రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. బయటి నుంచి చూస్తే 2014కీ 2015కీ పెద్ద తేడా కనపడదు, ఒక డీలర్ దగ్గర రెండూ పక్కపక్కనే పెట్టి "రెండూ ఒకటే, కొత్తది తీసుకోండి" అన్నారు. అందుకే కొనేముందు ఆ ఏడాది మాన్యువల్ తెరిచి, మోటార్‌హోమ్ వెనక లాగడం గురించి ఏం రాశారో మీ కళ్లతో మీరే చదువుకోండి.

పాత సుజుకీ గ్రాండ్ విటారా కూడా చూశాను. ఇప్పుడు ఇండియాలో తిరుగుతున్నది కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టెలో) న్యూట్రల్ ఉన్న ఆ పాత ఫోర్ వీల్ డ్రైవ్. లాగడానికి బంగారం లాంటి బండి, కానీ సుజుకీ 2012లోనే అమెరికాలో కార్ల అమ్మకాలు మానేస్తున్నట్టు ప్రకటించింది, పార్టుల కోసం ఎక్కడ తిరుగుతాం? జీప్ రాంగ్లర్ మా ఆవిడకి నచ్చలేదు, ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

సీఆర్‌వీ తంతు చిన్నది. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి, గేర్ లివర్‌ని అన్ని స్థానాల్లోకీ తిప్పి, డీలో ఐదు సెకన్లు ఉంచి, ఎన్‌లోకి తెచ్చి, మూడు నిమిషాలు ఇంజిన్ నడవనిచ్చి ఆపేయాలి. రివర్స్ నుంచి నేరుగా న్యూట్రల్‌కి తెచ్చి లాగితే గేర్‌బాక్స్ దెబ్బతింటుందని హెచ్చరిక ఉంది, కాబట్టి చివరి అడుగు ఎప్పుడూ డీ నుంచే. తాళం ఆక్సెసరీలో ఉంచాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ అయిపోతుంది. మొదట్లో నాకిది ఎంత ముచ్చటగా ఉండేదంటే, పక్క సైటు వాళ్లు చూస్తుంటే కావాలనే నెమ్మదిగా చేసేవాణ్ని.

అసలు గొడవ ఆ ఆక్సెసరీ తాళంతోనే. మాన్యువల్ ఏమో రేడియో, సాకెట్లో పెట్టిన వస్తువులు ఆపేయమంటుంది. లాగేటప్పుడు కారు బ్రేకులు వేయడానికి నేను పెట్టుకున్న బ్రేక్ పెట్టె పనిచేసేదే ఆ సాకెట్ మీద! డ్రైవర్ సీటు ముందు కూర్చుని, నేను మోటార్‌హోమ్ బ్రేక్ వేసినప్పుడల్లా అది కారు పెడల్‌ని తొక్కుతుంది. తొక్కినప్పుడల్లా కారు బ్రేక్ లైట్లు వెలుగుతాయి. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి అంతా బ్యాటరీ నుంచే. మోటార్‌హోమ్ నుంచి కారుకి ఛార్జ్ లైన్ వేయమని అడిగితే బిగించిన షాపతను "అనవసరం, డబ్బు దండగ" అన్నాడు.

గ్రాండ్ కాన్యన్‌కి పోతూ దారిలో పాలో డ్యూరో కాన్యన్ చూద్దామని అమరిల్లో దగ్గర ఆగాం. కాన్యన్‌లోకి దిగే రోడ్డు బాగా ఏటవాలు, కారు విప్పి దిగుదామనుకున్నా. స్థలం ఇరుకై బండి కాస్త వంకరగా ఆగింది. వంకరగా ఆగితే కారుని మోటార్‌హోమ్‌కి కలిపే టో బార్ చేతులు బిగుసుకుని పిన్నులు కదలవు. మామూలుగా అయితే కారు స్టార్ట్ చేసి రెండంగుళాలు ముందుకు జరిపితే సరిపోతుంది. తాళం తిప్పితే టక్ టక్ అని చప్పుడొచ్చి డాష్ మీద దీపాలు మసకబారాయి. అంటే పిన్ను రావాలంటే కారు జరగాలి, కారు జరగాలంటే బ్యాటరీ కావాలి. జంపర్ కేబుల్ చూస్తే మోటార్‌హోమ్ బానెట్ దాకా అందదు.

ఇండియా నుంచి వచ్చిన మా మామగారు దిగి చూసి, "ఏం బాబూ, అమెరికాలో కూడా తోసి స్టార్ట్ చేయడమేనా?" అన్నారు. ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ కాదు మామయ్యగారూ అని చెప్పి, తోయడం మాత్రం తప్పక, ఆయనా నేనూ మా పెద్దాడూ వెనక నుంచి తోస్తుంటే మా ఆవిడ రబ్బరు సుత్తితో పిన్ను కింద కొట్టింది. ఎడమది వచ్చింది, కుడిది ఇంకాసేపు సతాయించి వచ్చింది. తర్వాత మోటార్‌హోమ్‌ని తిప్పి ఎదురెదురుగా పెట్టి జంప్ ఇచ్చాం.

ఇంటికొచ్చాక వేరేచోట ఛార్జ్ లైన్ వేయించా. ఆ తర్వాత బ్యాటరీ ఎప్పుడూ పడుకోలేదు. షాపతను మొదటే వేసి ఉంటే, ఆ రోజు మామగారి ముందు నాకా టెన్షన్ ఉండేది కాదు.

పైన మూడు నిమిషాల తంతుని మెచ్చుకున్నా కదా, దానికి ఓ తోక ఉంది: రోజులో ఎనిమిది గంటలు దాటి లాగితే మళ్లీ చేయాలి. చలిలో, పెట్రోల్ బంకు మూల, పిల్లలు ఆకలంటుంటే అది ముచ్చటగా ఉండదు. లాగేటప్పుడు వేగం గంటకి 65 మైళ్లు దాటకూడదు, ఐ-40 మీద టెక్సాస్‌లో 75 అని బోర్డుంటే ట్రక్కులన్నీ మనల్ని దాటుకునే పోతాయి. తగిలించి ఉండగా రివర్స్ చేయడం అసలు కుదరదు, కాబట్టి ఏ బంకులోకైనా బయటికెళ్లే దారి చూసుకునే దూరాలి.

ఇంకోటి, లాగుతున్నప్పుడు మా కారులో మైళ్లు లెక్కపెట్టే మీటర్ తిరగదు. నాకిది లాభమే, అమ్మేటప్పుడు కొనేవాడికి కాదు. మీరు చూసే కారు బంపర్ కింద బేస్ ప్లేట్ (టో బార్ తగిలించే ఇనుప బిగింపు) పెట్టిన గుర్తులుంటే మీటర్ మీద అంకెని నమ్మకండి, టైర్లూ వీల్ బేరింగులూ చూపించుకోండి. పాత బేస్ ప్లేట్ అలాగే ఉంటే మాత్రం మీకు ఖర్చు కలిసొస్తుంది.

మేం సెలవుల్లోనే తిరుగుతాం, తొందరేం ఉండదు, కారు బరువు దాదాపు 3,500 పౌండ్లు, మా మోటార్‌హోమ్ వెనకున్న హిచ్ (లాగే కొక్కెం) 5,000 దాకా లాగుతుంది, అందుకని మాకు సరిపోయింది. ఏడాదంతా రోడ్డు మీదుండేవాళ్లకి, రాళ్లదారుల్లో తిరిగేవాళ్లకి ఇదే కొనమని చెప్పను, వాళ్లు మా ఆవిడకి నచ్చని ఆ రాంగ్లరే చూసుకోవచ్చు. పైగా ఇవి ఇప్పుడు పదేళ్లు దాటిన బళ్లు, మంచిది దొరకడం అదృష్టమే. బ్రేక్ పెట్టె విషయంలో మీ రాష్ట్రం రూల్ చూసుకోండి: టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటితేనే అడుగుతారు, కాలిఫోర్నియాలో 1,500కే. నేను రూల్ లేకపోయినా పెట్టుకున్నా. కాలిఫోర్నియా వాళ్లకి వెనక ఏదైనా లాగుతుంటే ఎలాగూ 55 దాటకూడదు కాబట్టి, 65 గొడవ మాత్రం వాళ్లకి లేదు.