సౌర తుఫానులో టెలిస్కోపు: గొడుగు కింద దాక్కోవడమా, దెబ్బ పడేలోగా తప్పుకోవడమా?

చంద్రా ఎక్స్-రే టెలిస్కోపును కొలంబియా షటిల్ 1999 జులై 23న అంతరిక్షానికి మోసుకెళ్లింది. కొన్ని వారాలకే దాని ప్రధాన కెమెరా ఏసిస్ దెబ్బతింది. బొమ్మను పట్టే పది సీసీడీ చిప్పుల్లో ఎనిమిదింటి పనితనం తగ్గిపోయింది. కారణం వింటే ఉసూరుమనిపిస్తుంది. ఎక్స్-రేలను ఒక చోటికి చేర్చడానికి చేసిన అద్దాలే, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లోని తక్కువ శక్తి ప్రోటాన్లను కూడా అదే దారిలో చిప్పుల మీదికి జారవిడిచాయి. గోడలు ఎంత మందంగా కట్టి ఏం లాభం, వీధి తలుపు తీసి ఉంటే? మిగిలిన రెండు చిప్పులు వెనుకవైపు నుంచి కిరణాలు తీసుకునే రకం కాబట్టి బతికిపోయాయి.

చంద్రా భూమికి చాలా దూరం వెళ్లి వస్తుంటుంది. అప్పటి నుంచి అది ఆ పట్టీలు దాటే ప్రతిసారీ ఏసిస్‌ను అద్దాల ఫోకస్ నుంచి పక్కకు జరిపేస్తున్నారు. సౌర తుఫానులో సూర్యుడు ప్రోటాన్లు విసిరినా అదే మందు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి మన ఇస్రో టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌ది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఎత్తు 650 కిలోమీటర్లు, తిరిగే దారికి భూమధ్యరేఖతో 6 డిగ్రీల వాలు. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే గొడుగు. ఆ గొడుగుకు దక్షిణ అట్లాంటిక్ మీద ఒక చిరుగుంది, అక్కడ రేడియేషన్ కిందికి దిగి వస్తుంది. వాలు తక్కువ కాబట్టి ఆస్ట్రోశాట్‌కు ఆ చిరుగు అంచు మాత్రమే తగులుతుంది. అందులోకి వెళ్తున్నట్టు కణాలను లెక్కపెట్టే చిన్న పరికరం హెచ్చరిస్తే, మిగతా పరికరాలు హై వోల్టేజ్ తగ్గించుకుంటాయి. హబుల్ వాలు 28.5 డిగ్రీలు (కేప్ కెనావెరల్ నుంచి నేరుగా తూర్పుకు ఎగిరితే వచ్చేది అదే). పాపం, దాని సమయంలో దాదాపు 15 శాతం ఆ చిరుగులోనే పోతుంది.

అయితే గొడుగు కింద ఉన్నవాడికి ఆకాశం సగమే కనిపిస్తుంది. ఆస్ట్రోశాట్ గంటన్నరకు కాస్త ఎక్కువ సమయంలో భూమిని చుట్టేస్తుంది, ప్రతి చుట్టులోనూ భూమి అడ్డొస్తుంది. చంద్రా ఒక చుట్టుకు 64 గంటలు తీసుకుంటుంది, అందులో 55 గంటల వరకు ఒకే వస్తువును కన్నార్పకుండా చూడగలదు. మసక గెలాక్సీల కోసం రోజుల తరబడి కాచుకునే వాళ్లకు ఇది చిన్న తేడా కాదు. అందుకే నా ఓటు చంద్రా పద్ధతికే. బడ్జెట్ తక్కువై, అర్ధరాత్రి టెన్షన్ వద్దనుకునే వాళ్లకు మాత్రం ఆస్ట్రోశాట్ దారే సుఖం.

టెన్షన్ అని ఊరికే అనలేదు. తప్పుకోమని చెప్పేది ఎవరు అన్నదే చంద్రా విషయంలో అసలు చిక్కు. నేల నుంచి దానితో మాట్లాడే అవకాశం రోజుకు మూడుసార్లే. తుఫాను ఆ మధ్యలో వస్తే? అందుకే లోపలి కంప్యూటరే కణాల లెక్క చూసి, హద్దు దాటితే పరిశీలన ఆపేసి కెమెరాను జరిపేస్తుంది. కానీ ఆ లెక్క చూసే మీటరుకు గట్టిగా తెలిసేవి ఎక్కువ శక్తి కణాలు, చిప్పులను చెడగొట్టేవి తక్కువ శక్తివి. రెండూ ఎప్పుడూ కలిసి రావు. ఆ లోటును మనుషులు పూడుస్తారు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి వైపున ఉన్న ఏస్ ఉపగ్రహం పంపే కణాల అంకెలు చూసి, ఆపాలా వద్దా అని తేల్చుకుంటారు. అనవసరంగా ఆపితే పరిశీలన సమయం పోతుంది, అది మళ్లీ దొరుకుతుంది. ఆపకపోతే పోయేది చిప్పు.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు సంగతి వేరు. భూమికి అవతలి వైపు, అంతే దూరాన నిలబడి దెబ్బలు కాచుకుంటోంది. ఐదు పొరల తెర ఉందిగా అంటారు చాలామంది. అది వేడికి అడ్డు, ప్రోటాన్లకు కాదు. కణం తగిలితే ఆ పిక్సెల్ లెక్క ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది. ఒకే ఫొటో తీస్తుండగానే దాని లెక్కను చాలాసార్లు చదువుతారు కాబట్టి ఆ గెంతు ఎక్కడుందో పట్టుకుని తీసేస్తారు.