777 ఫ్రైటరా, 747 ఫ్రైటరా? పాలమూరు మందులు పంపేవాడిగా నా సమీక్ష

కార్గో కంపెనీలు పెద్ద విమానం కొనేటప్పుడు ఎన్ని టన్నులు మోస్తుంది, ఎంత ఇంధనం తాగుతుంది, ఎంత దూరం పోతుంది అని చూస్తాయి. ఆ లెక్క వాళ్లది. నేను విమానం కొనేవాణ్ని కాదు, అందులో సరుకు ఎక్కించేవాణ్ని. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ నుంచి, అటు చౌటుప్పల్ ఫ్యాక్టరీల నుంచి లారీల్లో వచ్చే మందుల పెట్టెలను శంషాబాద్‌లో పాలెట్లుగా, అంటే ఒక్కో పలక మీద పేర్చిన కట్టలుగా, కట్టించి విదేశీ విమానాలకు అప్పజెప్పడం ఏళ్లుగా నా పని. సరుకు మాత్రమే మోసే విమానాన్ని ఫ్రైటర్ అంటాం. బోయింగ్ 777 ఫ్రైటర్‌తో, 747లో పాత 400 రకంతో, తర్వాత వచ్చిన 8 రకంతో దగ్గరుండి పనిచేశాను కాబట్టి ఇది రాస్తున్నా.

నా తీర్పు ముందే చెప్తా. మన ప్రాంతం నుంచి పోయే సరుకుకు 777 సరైన విమానం. కానీ 747 చేసే పని ఒకటుంది. దాన్ని 777 చేయలేదు, కొత్తగా రాబోతున్న రెండు విమానాలూ చేయలేవు.

ముందు మందుల సంగతి. మాత్రల పెట్టెలు బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటాయి. చల్లగా ఉంచాల్సినవైతే మందు కొంచెం, చుట్టూ థర్మకోల్, జెల్ ప్యాకులే ఎక్కువ. అందుకే విమాన సరుకులో బరువుతో పాటు ఘనపరిమాణం కూడా లెక్కేస్తారు. ఒక ఘనపు మీటరు చోటుకు 167 కిలోల చొప్పున వేసి, అసలు బరువు, ఈ బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టించుకుంటారు. 777 ఫ్రైటర్ దాదాపు 102 టన్నులు మోస్తుంది, లోపల చోటు 650 ఘనపు మీటర్ల పైచిలుకు. 747-8 అయితే 137 టన్నుల దాకా, చోటు సుమారు 858 ఘనపు మీటర్లు. భాగిస్తే రెండింటికీ ఘనపు మీటరుకు 155, 160 కిలోల దగ్గరే వస్తుంది. మా పాలెట్లు చాలాసార్లు అంత బరువు కూడా తూగవు. విమానం బరువుతో నిండక ముందే చోటుతో నిండిపోతుంది. 2021 జూన్ 1న రష్యా కోవిడ్ టీకా స్పుత్నిక్ శంషాబాద్‌లో దిగినప్పుడు 30 లక్షల డోసుల కన్‌సైన్‌మెంట్ 56.6 టన్నులు తూగింది. ఒక్కో డోసుకు మహా అయితే సూది మందు పావు చెంచా కూడా ఉండదు. మిగతా బరువంతా సీసాలది, పెట్టెలది, మైనస్ 20 డిగ్రీల చలిని కాపాడే ప్యాకింగ్‌ది.

కాబట్టి మందులవాళ్లు అడగాల్సింది టన్నులు కాదు, ఎన్ని పాలెట్లు, ఎంత ఎత్తు అని. 777లో మెయిన్ డెక్, అంటే పై అంతస్తు మీద 27, కింద బెల్లీలో, అంటే విమానం పొట్టలో 10. 747-8లో పైన 34, కింద 12. అలాగైతే 747-8యే మేలు కదా అని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. నిండితే మేలే. నలభై ఆరు పాలెట్ల విమానాన్ని ఒక్క శంషాబాద్ సరుకుతో నింపడం అన్ని సీజన్లలో కుదరదు. అప్పుడు దాన్ని ఇంకో ఊరి మీదుగా తిప్పుతారు. దిగిన ప్రతిచోటా తలుపు తెరవాలి, మే నెల ఎండలో మా పాలెట్లు లోపలే ఉడకాలి. నాలుగు ఇంజిన్ల ఇంధనం ఖర్చు కిలో రేటులో ఎలాగూ కనబడుతుంది. 777కు రెండే ఇంజిన్లు, నిండు లోడుతో తొమ్మిది వేల కిలోమీటర్లు పోతుంది. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఏడు వేల చిల్లరే. నాకు ఏళ్ల తరబడి సమయానికి చేరిన సరుకులో ఎక్కువ వాటా 777దే.

ఇక పాలెట్ కట్టడం. 96 బై 125 అంగుళాల అల్యూమినియం పలక మీద పెట్టెలు పేర్చి, పైన థర్మల్ కవర్ కప్పి, నెట్ బిగిస్తాం. రెండు విమానాల్లోనూ మెయిన్ డెక్ మీద 118 అంగుళాల ఎత్తు వరకు పోవచ్చు. అయితే విమానం పొట్ట గుండ్రంగా ఉంటుంది కదా, గోడ వైపు పైఅంచు పెట్టెలను మెట్లుగా లోపలికి జరపాలి. ఆ వంపు కొలతనే కాంటూర్ అంటాం. ఆ వంపును సరిచూసే కాంటూర్ గేజ్‌కు ఒక్క పెట్టె మూల తగిలినా, లోడింగ్ చూసుకునే లోడ్‌మాస్టర్ వెనక్కి పంపుతాడు. అర్ధరాత్రి దాటాక నెట్ విప్పి, కవర్ తీసి, పెట్టెలు దించి మళ్లీ పేర్చడమంటే ఎంత నరకమో చేసినవాడికే తెలుస్తుంది. ఆ విప్పి కట్టే సేపంతా పెట్టెల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్‌లో అంకె ఎక్కుతూనే ఉంటుంది.

ఒకసారి ఒక విమాన కంపెనీ 777 అని బుకింగ్ ఇచ్చి, సాయంత్రానికి వేరే చిన్న ఫ్రైటర్ పంపింది. అందులో పాలెట్ ఎత్తు 96 అంగుళాలే. మేము 118కి కట్టి సిద్ధంగా పెట్టినవన్నీ విప్పాల్సి వచ్చింది. సగం సరుకు పోయింది, సగం విమానం ఎక్కకుండా ఆగిపోయి కోల్డ్ రూమ్‌లో పడింది. ఒకే ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రవాణా పత్రం) మీది సరుకు రెండు ముక్కలైతే అవతల కస్టమ్స్‌లో పడే తిప్పలు వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి విమానం మారితే ఎన్ని గంటల ముందు చెప్తారో రాతపూర్వకంగా రాయించుకోకుండా నేను బుకింగ్ ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దు.

747 లోడింగ్ గురించి కూడా చెప్పాలి. లోపలికి పోయే పాలెట్ల వరుస తప్పితే తోక కిందికి కూర్చునే ప్రమాదం ఉంది కాబట్టి తోక కింద స్టాండ్ పెట్టడమో, ముక్కును కట్టి ఉంచడమో చేస్తారు. పాలెట్లు ఎక్కువ, జాగ్రత్తలు ఎక్కువ, సమయం ఎక్కువ. పాలెట్లను చల్లగా ఉంచుతూ విమానం దాకా తీసుకెళ్లే కూల్ డాలీ బండి అందుబాటులో ఉంటే ఫర్వాలేదు. లేకపోతే ర్యాంపు మీద, అంటే విమానం నిలిచే చోట, ఆగే ప్రతి నిమిషం మందుకు చేటే.

ఇంత చెప్పాక కూడా 747 అంటే నాకు గౌరవం పోలేదు. కారణం దాని ముక్కు. పోలేపల్లిలో ఒక ఫ్యాక్టరీకి యూరప్ నుంచి మందు ఆరబెట్టే పెద్ద మిషన్, డ్రయ్యర్, రావాల్సి వచ్చింది. పొడవు పది మీటర్లు దాటింది, వెడల్పు మనిషంత. 777 పక్క తలుపు వెడల్పు 3.72 మీటర్లు, ఎత్తు 3 మీటర్ల పైన. పెద్ద తలుపే. కానీ పక్క నుంచి లోపలికి పోయిన వస్తువు లోపల మలుపు తిరగాలి. ఆ డ్రయ్యర్ తిరగదు. 747కైతే ముక్కు పైకి లేస్తుంది, వస్తువు నేరుగా రోలర్ల మీద జారిపోతుంది. ముక్కు దారిన ఎత్తు మాత్రం రెండున్నర మీటర్ల లోపే, ఎందుకంటే కాక్‌పిట్ పైన ఉంటుంది. ఎత్తు వస్తువుకు పక్క తలుపు, పొడుగు వస్తువుకు ముక్కు తలుపు. శంషాబాద్‌లో ఆ ముక్కు లేచి, లోపలి నుంచి డ్రయ్యర్ అంగుళం అంగుళం బయటికి వస్తుంటే ర్యాంపు మీదున్న వాళ్లమంతా పని ఆపి చూశాం.

ఒక హెచ్చరిక. 747 అనగానే ముక్కు తలుపు ఉంటుందని అనుకోవద్దు. ప్రయాణికుల విమానాన్ని తర్వాత ఫ్రైటర్‌గా మార్చినవాటికి అది ఉండదు. ఫ్యాక్టరీలో ఫ్రైటర్‌గానే పుట్టినవాటికే ఉంటుంది. అవీ తగ్గిపోతున్నాయి. 2022 మార్చిలో రష్యా కంపెనీ ఎయిర్‌బ్రిడ్జ్‌కార్గో తన బోయింగ్‌లను ఆపేయడంతో ఒక్కసారిగా కొరత వచ్చింది. ఆఖరి 747ను బోయింగ్ 2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కు అప్పగించింది. ఇక కొత్తది పుట్టదు.

వాటి స్థానంలో పోటీ పడుతున్నవి ఎయిర్‌బస్ ఏ350 ఫ్రైటర్, బోయింగ్ 777-8 ఫ్రైటర్. రెండింటికీ రెండేసి ఇంజిన్లే, మోసేది రెండూ 110 టన్నుల చుట్టుపక్కలే. సింగపూర్, క్యాథే కంపెనీలు ఏ350 వైపు, ఖతార్, లుఫ్తాన్సా, కార్గోలక్స్ 777-8 వైపు మొగ్గాయి. 2028 నుంచి కొత్తగా తయారయ్యే విమానాలకు అంతర్జాతీయ కర్బన ఉద్గారాల నిబంధన వర్తిస్తుంది, ఇప్పటి 777 ఆ కొలతకు తూగదు. కంపెనీల తొందరకు అదో కారణం. మందుల వరకు రెండింట్లో ఏది వచ్చినా మనకు మంచిదే. మెయిన్ డెక్ మీద ఏ350లో 30, 777-8లో 31 పాలెట్లు పడతాయి. మరీ పెద్దవి కావు, మరీ చిన్నవి కావు, శంషాబాద్ నింపగల సైజు. కార్గోలక్స్ లాంటి, 747 మీదే బతికిన కంపెనీ కూడా రెండు ఇంజిన్ల దానికే పోయిందంటే లెక్క ఎటు మొగ్గిందో అర్థమవుతుంది.

రెండింటికీ ముక్కు తలుపు లేదు. అందుకే ఇప్పుడు పోలేపల్లిలో, చౌటుప్పల్‌లో ఎవరైనా విదేశీ మిషన్ ఆర్డర్ పెట్టబోతుంటే డ్రాయింగ్ దశలోనే నాకు చూపించమంటున్నా. ఆరు మీటర్ల లోపు రెండు ముక్కలుగా, మధ్యలో ఫ్లాంజ్‌తో, అంటే బోల్టులతో కలిపే అంచుతో, చేయించగలిగితే 777లో వస్తుంది. చేయించలేకపోతే ముక్కు తలుపున్న 747ను మొత్తంగా అద్దెకు తీసుకునే చార్టర్‌కో, నెలల తరబడి ఓడ ప్రయాణానికో డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోమంటున్నా.