1956 నాటి ఐదు లీరాల నాణెం కొనబోయేవారికి హెచ్చరిక

ఇటలీలో ఉంటూ యూరోకు ముందునాటి లీరా నాణేలను సేకరిస్తున్న తెలుగువారికీ, ఇక్కడి బంధుమిత్రుల ద్వారా వాటిని తెప్పించుకుంటున్నవారికీ ఈ విషయం తెలియజేయడం అవసరమని భావిస్తున్నాను. ఒక ఆన్‌లైన్ వేలం సైటులో 1956 నాటి ఐదు లీరాల డాల్ఫిన్ నాణేన్ని 280 యూరోలకు కొన్నాను. నాకు అందినది 1955 నాటి మామూలు నాణెం. దాని చివరి అంకెను చెక్కి ఆరుగా మార్చారు.

ఒక వైపు డాల్ఫిన్, మరో వైపు చుక్కాని ఉండే ఈ చిన్న నాణేన్ని 1951 నుంచి 1956 వరకు, ఆ తరువాత 1966 నుంచి లీరా చివరి రోజుల వరకు ముద్రించారు. చాలా సంవత్సరాల నాణేలు కోట్ల సంఖ్యలో వచ్చినందువల్ల ఇప్పటికీ ఇటాలియన్ల ఇళ్ళలో బిస్కెట్ డబ్బాల నిండా దొరుకుతాయి. 1956లో మాత్రం ముద్రించినవి నాలుగు లక్షలే. అందుకే పక్క ఏడాది నాణేన్ని ఎవరూ పట్టించుకోరు గాని, దీనికి వందల యూరోలు పలుకుతాయి. ఆ రెండింటి మధ్య తేడా ఒక్క అంకె కాబట్టి, మోసగాడి పనంతా ఆ అంకె మీదే జరుగుతుంది.

ప్రకటనలోని ఫొటోలో డాల్ఫిన్ వీపు మీద అడ్డంగా ఒక సన్నని గీత ఉంది, తేదీ కూడా స్పష్టంగా కనిపించింది. చేతికి వచ్చిన నాణెం మీద ఆ గీత లేదు. అంటే, ఫొటోలో చూపించింది ఒకటి, పంపించింది మరొకటి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టినప్పుడు, మిగతా లోహమంతా సమంగా మెరుస్తుండగా చివరి అంకె చుట్టూ మాత్రం గీకినట్టు మసకబారి ఉంది. ఐదుకు ఉండే పై అడ్డగీతను చెరిపివేసి, కింది కొక్కేన్ని మూసి ఆరు చేశారు. అయినా ఆ ఆరు పక్కనున్న అంకెలతో ఒకే ఎత్తులో లేదు. మిలాన్‌లో కొర్దూసియో దగ్గర ఆర్మొరారి వీధిలో ఆదివారం ఉదయం జరిగే నాణేలు, తపాలా బిళ్ళల సంతకు దానిని తీసుకువెళ్ళగా, చాలా ఏళ్ళుగా అక్కడ బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన తన దగ్గరున్న అసలు 1956 నాణేన్ని పక్కన పెట్టి చూపించారు. ఆ తరువాత ఇక అనుమానానికి తావు లేకపోయింది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. తూకం వేసి చూశాం, సరిపోయింది, కాబట్టి అసలుదే అనుకుంటారు. అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన ఇటాల్మా అనే లోహంతో చేసిన ఈ నాణెం ఒక గ్రాము బరువు, 20.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. నాకు వచ్చినదాన్ని కవరు నుంచి తీసి తూచినా సరిగ్గా అంతే ఉంటుంది, ఎందుకంటే నాణెం ప్రభుత్వ టంకసాలదే, అబద్ధం తేదీలోనే ఉంది. 1947 నాటి నారింజ గుర్తు ఒక లీరా, రెక్కల గుర్రం పది లీరాల వంటి వాటి సంగతి వేరు. అవి పన్నెండు వేల చొప్పునే ముద్రించినవి కావడంతో వాటికి మొత్తంగానే నకిలీలు తయారుచేస్తారు. అటువంటి చోట 1.25 గ్రాములు, 3 గ్రాములు అనే అసలు బరువులు తెలిసి ఉండడం, మిల్లీగ్రాములు చూపే తూకం దగ్గర ఉండడం నిజంగానే పనికొస్తాయి.

సీలు వేసిన ప్లాస్టిక్ కవరును చూసి నిశ్చింతగా ఉండడం కూడా సరికాదు. ఇటలీలో నాణేల నిపుణులు నాణేన్ని పరిశీలించి, దాని స్థాయిని కార్డు మీద రాసి, కవరుకు చిన్న లోహపు బిళ్ళలు బిగించి ఇస్తారు. నాకు వచ్చిన కవరులో ఒక బిళ్ళను ఊడదీసి మళ్ళీ నొక్కిన జాడ ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ తెల్లబారింది. నిపుణుడి పేరు కార్డు మీద ఉన్నంత మాత్రాన లోపలి నాణెం ఆయన చూసినదేనన్న హామీ లేదు; కార్డు మీద నాణెం ఫొటో ఉంటే పోల్చి చూడండి, లేకపోతే ఆ నిపుణుడికే రాసి అడగండి.

వెండి ఐదు వందల లీరాల మూడు ఓడల నాణేన్ని కొనేటప్పుడు అంచు ఫొటో తప్పనిసరిగా అడగండి, ఎందుకంటే దాని తేదీ ముద్రించి ఉండేది అంచు మీదే. 1957 నాటి నమూనా నాణెం, అంటే ఓడల జెండాలు గాలికి ఎదురుగా ఎగిరేది, చవకగా దొరుకుతోందని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోవడం మేలు. తన మీది యూరప్ పటంలో జర్మనీని ఇంకా రెండు ముక్కలుగా చూపిన 1997 నాటి వెయ్యి లీరాల నాణేన్ని అరుదైన పొరపాటుగా అమ్మజూపేవారూ ఉన్నారు. అది ఎక్కడపడితే అక్కడ దొరికేదే, నాణెం మాత్రం అసలుదే కాబట్టి ఆ పాపం కాస్త చిన్నది.

అమ్మకందారుకు ఫొటోలతో సహా రాస్తే, కవరు విప్పాను కాబట్టి తిరిగి తీసుకోనని బదులిచ్చాడు. కవరును నేను విప్పలేదు, భూతద్దంతో బయటి నుంచే చూశాను. యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారి నుంచి ఆన్‌లైన్‌లో కొన్నవారికి పద్నాలుగు రోజులలోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది, కానీ అది వ్యక్తిగతంగా అమ్మేవారికి వర్తించదు. వందల నాణేలు అమ్మిన ఈ మనిషి సైటులో తనను తాను వ్యక్తిగత అమ్మకందారుగా నమోదు చేసుకున్నది బహుశా అందుకేనేమో. డబ్బు పంపే ముందు ఆ వివరం చూసుకోండి, నాణెం నిజమైనదని రాతపూర్వకంగా ఇస్తారో లేదో కూడా అడగండి. ఇక్కడి నిజాయితీగల వ్యాపారులు అలా రాసివ్వడానికి వెనుకాడరు.

సైటువారికి నేను చేసిన ఫిర్యాదు ఇంకా పరిశీలనలో ఉంది. ఈలోగా వీపు మీద గీత ఉన్న అదే డాల్ఫిన్ ఫొటోతో వేరే పేరున్న ఖాతాలో కొత్త ప్రకటన వచ్చింది, ఈసారి ప్రారంభ ధర 190 యూరోలు.