సొంత డాక్యుమెంటరీయా, అప్పగించిన చిత్రమా: తిరుపతిలో ఉండి తీసేవారికి ఏది మేలు?

తిరుపతిలో కెమెరా పట్టడం వచ్చినవారికి పనికి కొదవ లేదు. ముహూర్తాల రోజుల్లో కొండ మీదా, కింద కల్యాణ మండపాల్లోనూ వీడియోగ్రాఫర్లకు ఊపిరి సలపదు. 2008లో మొదలైన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ఉంది. ఆసుపత్రులు, కళాశాలలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ శాఖలు తమ గురించి పదేసి నిమిషాల చిత్రాలు తీయించుకుంటూనే ఉంటాయి. ఇవన్నీ చేస్తూ చేస్తూ కొందరికి డాక్యుమెంటరీలే తీయాలన్న కోరిక పుడుతుంది. అక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఒకరు అప్పగించిన అంశాన్ని వారి డబ్బుతో తీస్తూ బతకడమా? మనసుకు పట్టిన అంశాన్ని సొంత డబ్బుతో ఏళ్ళ తరబడి తీయడమా?

నేను రెండో దారివైపే మొగ్గుతాను. అలాగని మొదటిదాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

డాక్యుమెంటరీ చరిత్రలో తొలి పేజీల్లోనే పరాయి సొమ్ము కనిపిస్తుంది. 1922లో అమెరికా దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసుకొచ్చిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’కు పెట్టుబడి పెట్టింది బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే ఒక ఫ్రెంచి సంస్థ. మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను సినిమా హాళ్ళలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు. పెద్దవాళ్ళు ‘న్యూస్ రీల్’ అని ఇప్పటికీ తలుచుకునేది వాటినే. అది సర్కారు సంస్థే అయినా సుఖ్‌దేవ్, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి వంటి దర్శకులు దాని నీడనే కొత్త ప్రయోగాలు చేశారు. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. ఇక మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ సంగతి చూడండి. ముంబైలో ప్రకటనల సంస్థలో చేరి, ఏళ్ళ తరబడి ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు తీశాకే 1974లో ‘అంకుర్’తో ముందుకొచ్చారు. ఆ సినిమాకు డబ్బు పెట్టినది కూడా ప్రకటన చిత్రాల రంగంలో ఉన్న బ్లేజ్ సంస్థే. అప్పగించిన పనిలో ఆయనకు చేయి తిరిగింది, ఆ పరిచయాలే తర్వాత ఆదుకున్నాయి.

గడువులోపు పూర్తి చేయడం, ఉన్న డబ్బుకు లోబడి ఆలోచించడం, పది నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేయడం అప్పగించిన పనిలో అలవడినంత త్వరగా మరెక్కడా అలవడవు. నెల తిరిగేసరికి ఇంట్లో నాలుగు రూపాయలు కనిపిస్తాయి.

మరి లోటు ఎక్కడ? శ్రీకాళహస్తి కలంకారినే తీసుకుందాం. ఏదో ఒక శాఖ కోసం తీసే చిత్రంలో వెదురు కలం పట్టిన చేయి, గుడ్డ మీద నడిచే నల్ల గీత, చివర్లో చీర కట్టుకుని నవ్వే అమ్మాయి ఉంటారు. రెండు రోజుల షూటింగు. కానీ ఆ నలుపు వెనకాల ఎంత ఉంది! ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్ళలో వారాల తరబడి పులియబెడితే కసిమి అనే ద్రవం తయారవుతుంది. కరక్కాయ, పాలు కలిపి పట్టించిన గుడ్డ మీద ఆ కసిమి తగిలితేనే గీత నల్లబడుతుంది. ఒక్కో రంగు వేశాక గుడ్డను పారే నీళ్ళలో ఉతకాలి. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున నిలదొక్కుకుంది. ఏడాదిలో చాలాకాలం ఆ నదిలో ఇసుకే కనిపిస్తుంది. పారే నీళ్ళు దొరకనప్పుడు ఉతుకు ఎక్కడ జరుగుతోంది, నీళ్ళకు ఎంత ఖర్చవుతోంది, గుడ్డ ఉతికే మనిషికి కూలి ఎంత, చీర మీద పేరు ఎవరిది? ఇవి తెలియాలంటే వానాకాలంలోనూ వెళ్ళాలి, ఎండాకాలంలోనూ వెళ్ళాలి. రెండు రోజులకు డబ్బిచ్చినవారు రెండు రుతువులకు ఇవ్వరు.

కొన్ని అంశాలను అసలు ఎవరూ అప్పగించరు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి తమిళనాడు కొండ ఊళ్ళ నుంచి మనుషులు ఎందుకు వస్తున్నారు, అడవిలో రాత్రీ పగలూ కాపలా కాసే సిబ్బంది బతుకు ఎలా ఉంది అనే రెండు వైపులనూ చూపించే చిత్రం ఒక శాఖ డబ్బుతో వస్తుందని నేను అనుకోను. శాఖ ఇచ్చే డబ్బుకు పట్టుబడిన దుంగల వరుసే వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు చట్టంలో ఉంది. మన కుర్రవాళ్ళలో చాలామంది దీన్ని పట్టించుకోరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి చిత్రం తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. జీతానికి పనిచేస్తూ తీసినదైతే యజమానిది. ఆ హక్కు చిత్రం వెలువడిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అంటే ఇరవై అయిదేళ్ళ వయసులో మీరు తీసిన చిత్రాన్ని మీకు ఎనభై దాటినా వారి అనుమతి లేకుండా వాడుకోలేరు. పదిహేనేళ్ళు ఇలా పనిచేసినవారి దగ్గర డబ్బు మిగలవచ్చు, ఇల్లూ కట్టి ఉండవచ్చు. చూపించుకోవడానికి తమది అనే చిత్రం మాత్రం ఒక్కటీ ఉండదు.

సొంత దారిలో పోయినవారి బతుకు తేలికని నేను అనను. డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’కు 14 ఏళ్ళు పట్టింది. ఆయన 1990ల మధ్యలో పూర్తి చేసిన మరో చిత్రాన్ని దూరదర్శన్ ప్రసారం చేయడానికి నిరాకరిస్తే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2006లో ఆయనకు అనుకూలంగా తేలింది. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కూడా ఈ వృత్తిలో భాగమే. ఇంట్లో ‘ఇంకా ఎన్నాళ్ళు’ అన్న ప్రశ్న, బంధువుల్లో ‘ఏం చేస్తున్నాడు’ అన్న ప్రశ్న రోజూ ఉంటాయి. వాటికి చేతిలో జవాబు ఉండదు.

అయినా తిరుపతిలో ఉండేవారికి ఈ దారే మేలని ఎందుకంటున్నానంటే, ఇక్కడి అంశాలు ఏడాదికోసారి తిరిగి వచ్చేవి. రోజుకో వేషం కట్టి గంగమ్మకు మొక్కు తీర్చుకునే గంగ జాతరనే చూడండి. చాటింపు అయ్యాక బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నాముసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. తెలుపు, ఎరుపు, నలుపు మూడు రోజుల్లో ఊరి వీధుల మీదుగా దాటిపోతాయి. దొర వేషం ఒక్క పూట తప్పిపోతే మళ్ళీ వచ్చే మే నెల దాకా ఆగాల్సిందే. బయటినుంచి వచ్చిన బృందం దొరికినంత తీసుకుని వెళ్ళిపోతుంది. ఇక్కడివారు మరుసటి ఏడాది మళ్ళీ తీస్తారు. నాలుగేళ్ళ కిందట తండ్రి భుజం మీద బైరాగి వేషంలో కూర్చున్న పిల్లవాడు ఈ ఏడు సొంతంగా మొక్కు తీర్చుకోవడం వారికి దొరుకుతుంది. దాన్ని ఎంత డబ్బు పెట్టినా ఒక్క ఏడాదిలో తీయలేం.

చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ఊళ్ళలో మహాభారత కథను రోజుల తరబడి చెప్పి, ఆడే ‘భారతాలు’ ఇంకా గొప్ప అంశం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను (తపస్సు ఘట్టం కోసం నిలిపే పొడవాటి స్తంభం) ఎక్కిన రోజు కింద సంతానం కోసం తడిబట్టలతో ఆడవాళ్ళు సాగిలపడి ఉంటారు. చివరి రోజు నేల మీద పరుచుకున్న పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడు తిరుగుతుంటే ఊరంతా అక్కడే ఉంటుంది. అప్పగించిన చిత్రం ఆ మట్టి బొమ్మ దగ్గర ముగుస్తుంది. నాకు కావలసింది ఆ తర్వాతిది: ముఖానికి పూసుకున్న అరదళం రంగు కడిగేసుకుని, కిరీటమూ భుజకీర్తులూ పెట్టెలో సర్దుకుని, తరవాతి ఊరికి బస్సు కోసం నిలబడిన వేషగాడు. అతనితో పాటు బస్సెక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోవడమే సొంత చిత్రం ఇచ్చే స్వేచ్ఛ.

తిండికి ఎలా అంటే, పెళ్ళిళ్ళ పనే నా జవాబు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు. కొన్ని ఊళ్ళలో భారతాలు ఆషాఢం దాకా సాగుతాయి. పెళ్ళిళ్ళు లేని కాలం మన చిత్రానికి వచ్చే కాలం. జాతర మాత్రం పెళ్ళిళ్ళ ఊపు మీద ఉన్నప్పుడే వస్తుంది కాబట్టి ఆ వారానికి ఎంత ఇస్తామన్నా పని ఒప్పుకోకూడదు. పెళ్ళి వీడియో తీయడం చిన్నతనమని ఎవరైనా అంటే వినవద్దు. గుంపులో మోచేతులు తగులుతుండగా మసక వెలుతురులో మనిషి ముఖాన్ని వదలకుండా పట్టుకోవడం నేర్పేది ఆ పనే.

సినిమా చదువు చెప్పే సంస్థలు, పుణెలో 1960లో వచ్చినది, కోల్‌కతాలో 1995లో వచ్చినది, వాటి సంగతి కూడా అడుగుతుంటారు. సీటు వస్తే వెళ్ళండి, చదువు ఎప్పటికీ దండగ కాదు. రాకపోతే ఆగిపోవద్దు. హైదరాబాద్ వెళ్ళి స్టూడియోల్లో సహాయకులుగా చేరడాన్ని మాత్రం నేను సమర్థించను. అక్కడ నేర్చుకునేది కథాచిత్రాల పని, పోగొట్టుకునేది ఇక్కడి ఏళ్ళు.

ఆడపిల్లలు ఒంటరిగా తెల్లవార్లూ భారతం తీయడం కష్టం. వారికి ఒక చిన్న బృందమే సరైనది. హైదరాబాద్‌కు చెందిన దీపా ధన్‌రాజ్ 1980లో తోటి మహిళలతో కలిసి బెంగళూరులో ‘యుగాంతర్’ బృందాన్ని నడిపారు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళతో, పొగాకు కార్మికులతో కలిసి చిత్రాలు తీశారు. ముగ్గురు స్నేహితురాళ్ళు కలిస్తే కెమెరా, మైకు, రాత్రి తోడు మూడూ సమకూరుతాయి. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం ఉండగా ఇలాంటి బృందం పుట్టడం అసాధ్యమేమీ కాదు.

ఇంటి అప్పు, చెల్లెలి చదువు భుజాన ఉన్నవారు ముందు అప్పగించిన పనులే తీసుకోవాలి, అందులో తప్పు లేదు. అయితే మీరు ఏళ్ళుగా తీస్తున్న అంశం మీదే ఎవరైనా చిత్రం అడిగితే, పనికి దిగే ముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి. అంతకుముందు మీరు తీసుకున్న దృశ్యాలు మీవే. ఈ పనిలో తీసి, వారి చిత్రంలో వాడకుండా మిగిలిపోయినవి కూడా మీవే. వారు ఒప్పుకోకపోతే ఆ అంశాన్ని మీ దగ్గరే ఉంచుకుని, వారికి మరో చిత్రం తీసిపెడతామని చెప్పండి.